పొయ్యి వేడికి ఎన్ని లెక్కలు?

(మన సంఘం ఉగాది సభలో, మహిళా విభాగంవారి కోరికపై చేసిన ప్రసంగ పాఠం)



వంటను గురించి మాట్లాడమని నన్ను పిలవటం చూసి నాకంటె మా ఇంటావిడ ఎక్కువ ఆశ్చర్యపడింది. నాకు వంట రాదు. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. నాకు వచ్చినదల్లా కూడటం, తీసివేయటం, ఒక పట్టీలోని అంకెను మరొక పట్టీలోకి పొరపాటు లేకుండా దించటం. సరిగా ఆ ఒక్క విద్య అవసరమైనచోటనే నేను తప్పాను. దానివల్ల ఒక కేకు మాడింది, కొంత డబ్బు పోయింది, మా ఇంట్లో నెల రోజులపాటు మాటలు తగ్గినవి. ఆ సంగతి తెలిసినవారెవరో చెప్పమన్నారు కనక చెబుతున్నాను.

మా కుటుంబం ఖుర్దా రోడ్డు చేరి మూడు తరాలయింది. తాతగారు శ్రీకాకుళంవైపునుంచి వచ్చి గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు, ఆ వెనుకనే మణుగులు పోయి కిలోలు, క్వింటాళ్ళు వచ్చినప్పుడు ఆయన ఉద్యోగంలో ఉన్నారు. ఒక మణుగు అంటే 37 కిలోల 324 గ్రాములు. బిల్లుమీద ‘20’ అని మాత్రమే ఉండి, అది మణుగులో కిలోలో రాయకపోతే, రాత్రంతా లాంతరు పెట్టుకొని గూడ్సు షెడ్డులో బస్తాలు లెక్కపెట్టవలసివచ్చేదట. “అంకె రాసి ఊరుకోకురా, అది దేని అంకో రాయి” అని నాకు చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పారు. విన్నాను గాని, వంటింటిదాకా ఆ మాట తీసుకుపోలేదు.

పోయిన ఏడు మా ఆవిడ చీటీ పాడుకొన్న డబ్బుతో కరెంటు ఓవెన్ ఒకటి కొనుక్కొన్నది. కాలనీలో పిల్లల పుట్టినరోజులకు కేకులు చేసి ఇస్తే ఇంటిఖర్చుకు నాలుగు రాళ్ళు వస్తాయని ఆమె ఆలోచన. మొదటి ఆర్డరు మా వెనుక రెండు వరుసల అవతల క్వార్టరువారిది. పిల్లవాడికి ఐదో ఏడు. 300 రూపాయలు బయానా కూడా ఇచ్చారు. కేకు పద్ధతి అమెరికాలో ఉన్న మా అక్కయ్య ఫోనులో రాసి పంపింది. మైదా ఎంత, వెన్న ఎంత అన్నీ వివరంగా రాసి, చివర “350లో 35 నిమిషాలు” అన్నది.

మా ఓవెన్ నాబు మీద 100 మొదలు 250 దాకానే అంకెలున్నవి. ఆమె వచ్చి, “ఏమండీ, ఇందులో 350 లేదు, ఏం చెయ్యను?” అని అడిగింది. నేను పేపరు చదువుకుంటున్నాను. తల ఎత్తకుండానే, “ఉన్నంతవరకు తిప్పెయ్యి. చాలకపోతే ఇంకో పది నిమిషాలు ఉంచు” అన్నాను.

పదిహేను నిమిషాలకు వాసన వచ్చింది. తీసి చూస్తే పైన బొగ్గు. కోస్తే లోపల పచ్చిపిండి. అప్పటికి సాయంత్రం నాలుగు. మళ్ళీ చేయటానికి వెన్న లేదు, గుండెధైర్యమూ లేదు. ఆమె ఒక్క మాట అనలేదు. బయానా డబ్బు కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, “మీరే ఇచ్చి రండి” అన్నది. ఆ రెండు వరుసల దూరం నడవటం నాకు ఇంకా గుర్తున్నది. తలుపు తీసినది ఆ పిల్లవాడే. కొత్త చొక్కా వేసుకొని, “కేకేది అంకుల్?” అన్నాడు. మర్నాడు చూస్తే ఓవెన్ మీద పాత చీర ముక్క కప్పి ఉంది. నెల రోజులు ఆ గుడ్డ తీయలేదు.

ఆ రాత్రి అక్కయ్యకు ఫోను చేశాను. “ఒరేయ్ తమ్ముడూ, ఇక్కడ ఓవెన్లన్నీ ఫారన్‌హీటేరా! నాకు అలవాటై రాయటం మరిచాను” అని నొచ్చుకొన్నది. తప్పు ఆమెది కాదు. రోజూ టిక్కెట్టుమీద దూరమూ, ధరా చూసుకొనే నాకు, 350కీ 250కీ ఉన్న తేడా చూసినప్పుడైనా అనుమానం రావలసింది.

ఇప్పుడు అసలు లెక్క. వేడిని కొలవటానికి లోకంలో రెండు ముఖ్యమైన మానాలున్నవి. ఒకటి ఫారన్‌హీట్. డాంజిగ్ పట్టణంలో 1686లో పుట్టిన డేనియల్ గాబ్రియేల్ ఫారన్‌హీట్ అనే ఆయన పాదరసం థర్మామీటరు చేసి, 1724లో తన మానాన్ని ప్రకటించాడు. అందులో మంచు కరిగేది 32 దగ్గర, నీరు మరిగేది 212 దగ్గర. రెండోది స్వీడన్ దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు ఆండర్స్ సెల్సియస్ 1742లో చెప్పినది. మంచుకూ మరిగే నీటికీ మధ్య సరిగా నూరు భాగాలు. ఒక వింత ఏమిటంటే, ఆయన మొదట మరిగే నీటికి సున్న, మంచుకు నూరు పెట్టాడు! ఆయన 1744లో పోయాక దాన్ని తలకిందులు చేశారు. చెయ్యకుండా ఉంటే మా కేకు ఇవాళ ‘మైనస్ 80’లో కాలేది. దీన్నే మన పెద్దలు సెంటిగ్రేడ్ అంటారు. 1948లో పేరు సెల్సియస్‌గా మార్చారు. మానం అదే.

మన ఇళ్ళలో రెండూ వాడుతూనే ఉన్నాం, గమనించము. పిల్లవాడికి ‘నూట రెండు జ్వరం’ అంటే అది ఫారన్‌హీట్. ఎండ ‘నలభై రెండు’ అంటే అది సెల్సియస్. జ్వరం 104 అని గుండె బాదుకొంటాం; సెల్సియస్‌లో అది సరిగా 40, అంటే మన మే నెల మధ్యాహ్నం ఎండ. ఇంత అలవాటుండి కూడా ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి అంకె పక్కన అక్షరం లేకపోతే తికమకపడతాం.

మంచునుంచి మరిగే నీటివరకు ఒక మానంలో 100 మెట్లు, రెండోదానిలో 180 మెట్లు. అనగా సెల్సియస్ మెట్టు పెద్దది; ఐదు సెల్సియస్ మెట్లు తొమ్మిది ఫారన్‌హీట్ మెట్లకు సమానం. అదీగాక ఫారన్‌హీట్ లెక్క సున్నతో కాక 32తో మొదలవుతుంది. అందుకని బడిలో చెప్పిన సూత్రం: ఫారన్‌హీట్‌లోంచి 32 తీసి, ఐదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించవలె. పిండి చేతులతో తొమ్మిదో ఎక్కం ఎవరు చదువుతారు? నేను ఆఫీసులో నోటితో చేసే పద్ధతి చెబుతాను.

సెల్సియస్ నుంచి ఫారన్‌హీట్ కావాలంటే రెట్టింపు చెయ్యండి, అందులో పదోవంతు తియ్యండి, 32 కలపండి. 180 ఉందనుకోండి. రెట్టింపు 360. పదోవంతు 36 పోతే 324. ముప్ఫై రెండు కలిపితే 356. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్క. ఇదే విధంగా 250 చూడండి: 500, యాభై పోతే 450, ముప్ఫై రెండు కలిస్తే 482. అక్కయ్య 350 అంటే నేను పెట్టించినది 482! మాడక ఏమవుతుంది?

వెనక్కి రావాలంటే 32 తీసి, సగం చేసి, ఆ సగానికి దానిలో తొమ్మిదోవంతు కలపవలె. 350లో 32 పోతే 318, సగం 159, తొమ్మిదోవంతు సుమారు 18, మొత్తం 177. మన నాబులమీద అంత సన్నని గీతలుండవు కనక 175 లేక 180 పెట్టుకోవచ్చు. పుస్తకాలవారు ఎక్కువమంది 180 అనే రాస్తారు.

ఇంకా సులువు ఒకటి ఉన్నది. నాకు ఇది లెక్క వేస్తుంటే దొరికి భలే సంతోషమయింది. 320 ఫారన్‌హీట్ సరిగా 160 సెల్సియస్. అంటే సగానికి సగం. ఓవెన్‌లో వాడే వేడి అంతా ఆ 320కి అటూ ఇటూనే గదా! కాబట్టి రొట్టెలకు, కేకులకు, బిస్కట్లకు ఫారన్‌హీట్ అంకెను సగం చేస్తే చాలు, పెద్ద తప్పు రాదు. 300కు సగం 150, అసలు 149. 350కి 175, అసలు 177. 400కు 200, అసలు 204. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది: 450కి సగం 225, అసలు 232. అటువంటిచోట ఒక ఐదు కలుపుకోండి. ఈ సగం లెక్కను జ్వరానికి మాత్రం వాడకండి. పిల్లవాడికి యాభై రెండు డిగ్రీలని చెప్పి డాక్టరుగారిని హడలగొట్టినవారవుతారు.

అయితే ఈ సూత్రం వచ్చాక నేను రెండో తప్పు చేశాను. అక్కయ్య పంపిన ఇంకో కాగితంలో, “ఓవెన్‌లో ఫ్యాను తిరిగేదైతే 25 డిగ్రీలు తగ్గించండి” అని ఉన్నది. మా దానిలో ఫ్యాను ఉన్నది. నేను గంభీరంగా 25లోంచి 32 తీసి, ఐదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించాను. మైనస్ నాలుగు వచ్చింది. తగ్గించమంటే మైనస్ నాలుగు తగ్గించటమా? అంటే నాలుగు పెంచటమా? మా ఆవిడ ఆ కాగితం చూసి నెల తరవాత మొదటిసారి నవ్వింది. “25 మెట్లు దిగమంటే ముందు 32 మెట్లు ఎందుకు దిగుతారు?” అన్నది. నిజమే. ఆ 32 అనేది లెక్క ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె. ‘ఎంత వేడి’ అన్నప్పుడు దాన్ని తియ్యాలి. ‘ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి’ అన్నప్పుడు దాని జోలికి పోరాదు. ఐదు, తొమ్మిది మాత్రమే. ఇరవై ఐదు ఫారన్‌హీట్ మెట్లంటే సుమారు 14 సెల్సియస్ మెట్లు. ఇంగ్లాండు పుస్తకాల్లో ఫ్యాను ఓవెన్‌కు 20 సెల్సియస్ తగ్గించమంటారు. మేము 15, 20 మధ్య పెడుతున్నాం, బాగానే ఉన్నది.

ఇక మూడో చిక్కు. మా కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ ఉన్నారు. ఆమె అక్కగారు ఇంగ్లాండు వెళ్ళి స్థిరపడి, అక్కడినుంచి పంపిన వంటల పుస్తకం ఒకటి మా ఆవిడకు చదువుకోమని ఇచ్చారు. అందులో డిగ్రీల ఊసే లేదు. ‘గ్యాస్ మార్క్ 4’ అని ఉన్నది. ఇంగ్లాండులో గ్యాసు ఓవెన్లకు 1920ల నుంచి వేడిని అదుపు చేసే మీట ఒకటి పెట్టి, దానిమీద డిగ్రీలకు బదులు ఒకటి రెండు అని అంకెలు వేశారు. ఈ లెక్క చాలా తేలిక. ఒకటి అంటే 275 ఫారన్‌హీట్. అక్కడినుంచి ఒక్కొక్క అంకెకు 25 చొప్పున పెరుగుతుంది. అనగా అంకెను 25తో హెచ్చవేసి 250 కలపటమే. నాలుగంటే 350, ఆరంటే 400, తొమ్మిదంటే 475. సెల్సియస్ కావాలంటే 120తో మొదలుపెట్టి, అంకెకు పద్నాలుగు చొప్పున కలుపుకోండి. నాలుగుకు 176 వస్తుంది. ఒకటికన్న తక్కువైనవి అర, పావు. అర అంటే 250 ఫారన్‌హీట్, పావు అంటే 225.

ఇంతటితో అయిపోయిందనుకొంటుండగా, మన సంఘంలోనే యానాంనుంచి వచ్చిన ఒక సోదరి, ఫ్రాన్సులో ఉన్న తమ మేనత్తగారు పంపిన కాగితం తెచ్చారు. యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, 1962లో చట్టరీత్యా కూడా మనదైనది గదా. అక్కడి కుటుంబాలవారు కొందరు ఆ దేశంలో ఉన్నారు. ఆ కాగితంలో ‘థర్మోస్టాట్ 6’ అని ఉన్నది. నేను గ్యాస్ మార్క్ లెక్క వేసి 200 అన్నాను. అదృష్టంకొద్దీ ఆమె తొందరపడలేదు. ఫ్రెంచివారి లెక్క వేరు. అంకెను ముప్ఫైతో హెచ్చవేస్తే నేరుగా సెల్సియస్ వస్తుంది. ఆరంటే 180, ఏడంటే 210. ఒకే ఆరు, ఇంగ్లాండులో ఒక వేడి, ఫ్రాన్సులో ఒక వేడి. కాబట్టి అక్షరం లేని అంకె వస్తే, పంపినవారు ఏ దేశంలో ఉన్నారో ముందు ఆలోచించండి.

మన అమ్మమ్మలు ఏ మానం చూశారు అని ఒక పెద్దాయన ఇందాక అడిగారు. న్యాయమైన ప్రశ్న. దిబ్బరొట్టెకు మూకుడు కింద సన్నసెగ పెట్టి, మూతమీద నిప్పులు పోసేవారు. పైన నిప్పు, కింద నిప్పు. అది ఓవెన్ కాక మరేమిటి? ఇక్కడి ఒరియావారు రజ పండుగకు చేసే పొడ పిఠా కూడా అంతే: బియ్యం, మినుములు, బెల్లం, కొబ్బరి కలిపిన పిండిని అరిటాకులో చుట్టి నిప్పుల్లో రాత్రంతా ఉంచటం. మా పక్కింటి మౌసీని ఎంత వేడి కావాలని అడిగితే, నిప్పులమీద అరచెయ్యి చాచి, “ఇంత” అన్నది. ఇంగ్లీషువారి పాత పుస్తకాల్లో కూడా డిగ్రీలుండవు. మందమైన ఓవెన్, మధ్యరకం ఓవెన్, వేడి ఓవెన్ అని ఉంటుంది. మందమంటే 150, 160 సెల్సియస్. మధ్యరకం 180, 190. వేడి అంటే 200 మొదలు 230 దాకా. చేతికి అలవాటైనవారికి అంకె అక్కరలేదు. కాని మౌసీ చెయ్యి మౌసీతోనే ఉంటుంది. ఫోనులో పంపటానికి వీలుకాదు. మౌసీ చెప్పిన పిండినే ఇప్పుడు మేము 180 సెల్సియస్‌లో గంటసేపు పెట్టి చేస్తున్నాం. నిప్పుల వాసన రాదని ఆమె ఫిర్యాదు. అది నిజమే.

వేడి ఎక్కువైతే తొందరగా దించవచ్చు గదా అని కొందరంటారు. నేను ఆనాడు చెప్పిన సలహా కూడా దాదాపు అటువంటిదే కనక, ఎందుకు కుదరదో చెప్పాలి. వేడి పిండిలోకి బయటినుంచి మెల్లగా దిగుతుంది. లోపల తడి ఉన్నంతసేపు అక్కడ నూరు సెల్సియస్ దాటదు. పైభాగం ఆరిపోగానే 140 దాటి ఎర్రబడటం మొదలుపెడుతుంది, ఆ తరవాత మాడుతుంది. 180లో పైభాగం ఎర్రబడే వేళకు నడిభాగం ఉడికి ఉంటుంది. 250లో అయితే నడిభాగానికి కబురు అందేలోగానే పైభాగం బొగ్గయిపోతుంది. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే మాడదు గాని, కేకు పొంగక ఎండిపోతుంది. వేడినీ, కాలాన్నీ ఒకదానికి బదులు ఒకటి ఇచ్చి చెల్లుబెట్టలేము.

ఇంత లెక్కా సరిగా చేసినా ఓవెన్ నాబు నిజం చెప్పాలని లేదు. లోపల వేడి చేరగానే కరెంటు ఆగుతుంది, తగ్గగానే మళ్ళీ వస్తుంది. అందువల్ల అంకెకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. పైగా నాబు అమరికలోనే తేడాలుంటవి. దుకాణాల్లో ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్లు దొరుకుతాయి. నేను ఒకటి కొన్నాను. మా నాబు 180 అన్నప్పుడు లోపల 195 ఉన్నది! అది కొనలేనివారు పంచదారతో చూడవచ్చు. పంచదార సుమారు 186 సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చిన్న పళ్ళెంలో చెంచాడు పోసి, ఓవెన్ బాగా కాగాక 175లో పావుగంట ఉంచండి, కరగకూడదు. ఇంకో చెంచాడు 190లో ఉంచండి, కరగాలి. మొదటిదే కరిగితే మీ ఓవెన్ ఎక్కువ కాగుతున్నదని, రెండోది కూడా కరగకపోతే తక్కువ కాగుతున్నదని గుర్తు. పంచదార దండుగ అని మా అమ్మ అన్నది గాని, మాడిన కేకుకన్న చవక.

మా ఓవెన్ పక్కన గోడకు అంటించిన చీటీలో ఉన్నది ఇంతే, రాసుకోదలచినవారు రాసుకోండి: ఫారన్‌హీట్ 300 అంటే సెల్సియస్ 150, మార్క్ 2, 325 అంటే 160, మార్క్ 3, 350 అంటే 180, మార్క్ 4, 375 అంటే 190, మార్క్ 5, 400 అంటే 200, మార్క్ 6, 425 అంటే 220, మార్క్ 7, 450 అంటే 230, మార్క్ 8. ఫ్యాను ఉంటే సెల్సియస్‌లో 15 మొదలు 20 తక్కువ. ఆ చీటీ చివర మా ఆవిడ తన చేత్తో ఒక వాక్యం కలిపింది: “మన నాబు పదిహేను ఎక్కువ చూపుతుంది, ఆయన్ని అడగవద్దు.” చూపుతున్నది నిజానికి పదిహేను తక్కువ, కాని దిద్దే ధైర్యం నాకు లేదు.

ఆ పిల్లవాడికి ఈ ఏడు ఆరో పుట్టినరోజు వచ్చింది. వాళ్ళంతట వాళ్ళు అడగలేదు. మా ఆవిడే కేకు చేసి, డబ్బు తీసుకోకుండా, నన్ను పంపకుండా, తానే పట్టుకువెళ్ళింది. నాబు 165లో పెట్టి, ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఇవాళ పచ్చడి తరవాత మీకు పెట్టబోయే నేతి బిస్కట్లు కూడా ఆ ఓవెన్‌లోవే.

థర్మామీటరు కావలసినవారు మా క్వార్టరుకు వచ్చి తీసుకుపోవచ్చును. రెండు రోజుల్లో తిరిగి ఇవ్వవలెనని మనవి.